రక్తం వడగట్టే మిషన్ దాకా రాకముందే



మా ఖాందాన్‌లో ఒక మాట ఉంది: "మన మగాళ్లకు నలభై దాటడం కష్టం." చాచా 38 ఏళ్లకు పోయారు. భాయ్‌జాన్ 34 ఏళ్లకు, ఫజర్ నమాజుకు వజూ చేస్తూ కూలిపోయాడు. ప్రతి జనాజా దగ్గరా అల్లాహ్ మర్జీ అనుకున్నాం. కాదని ఎవరంటారు? మౌత్ ఆయన చేతిలోదే. కానీ ఇంతమంది ఇంత చిన్న వయసులో ఒకే రకంగా ఎందుకు పోతున్నారని మాలో ఒక్కరమూ అడగలేదు.

పోయినేడు మా పెద్దాపా మనవరాలికి మోచేతుల మీద, మోకాళ్ల మీద, మడమల వెనక పసుపు రంగు గడ్డలు లేచాయి. తొమ్మిదేళ్ల పిల్ల. నజర్ అన్నారు, తావీజు కట్టారు. చివరికి చర్మం డాక్టరు చూసి రక్తపరీక్ష రాశాడు. పిల్లల్లో ఎల్‌డీఎల్ కొలెస్ట్రాల్ 110 లోపు ఉండాలి. ఈ పిల్లకు 560. బిర్యానీలు తినిపించి పాడుచేశావని చుట్టాలు తల్లిని సతాయించారు. పిల్ల చూస్తే పుల్లలా ఉంటుంది. ఇది తిండి వల్ల వచ్చిన బీమారీ కాదు.

మన కలేజీకి చెడ్డ కొలెస్ట్రాల్‌ను రక్తంలోంచి లాక్కునే దర్వాజాలు ఉంటాయి. ఈ సంగతి కనిపెట్టినందుకే బ్రౌన్, గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్ వచ్చింది. ఆ దర్వాజాలను తయారుచేసే జీన్ అమ్మీ నుంచి ఒకటి, అబ్బా నుంచి ఒకటి వస్తుంది. ఒకటి చెడితే సగం దర్వాజాలు పనిచేయవు. సుమారు 250 మందిలో ఒకరికి ఇలా ఉంటుంది. రెండూ చెడితే దాదాపు అన్నీ మూతే. ఇది సుమారు మూడు లక్షల మందిలో ఒకరికి. దగ్గరి చుట్టాల మధ్య నిఖాలు ఎక్కువగా జరిగే చోట ఇది పెరుగుతుంది. ఖచదూరియన్ అనే డాక్టరు లెబనాన్ కుటుంబాలను పరిశీలించి, ఇది తరతరాలకూ ఎలా దిగుతుందో 1964లోనే చూపించాడు.

పెద్దాపా కొడుక్కి చిన్నాపా కూతుర్ని చేశాం. ఆ రిష్తా కుదిర్చింది నేనే.

పిల్లకు మాత్రలు మొదలుపెట్టారు. రెండు జీన్లూ చెడిన పిల్లలకు అవి చాలావరకు సరిపోవని, అఫెరిసిస్ అనే ఇలాజ్ ఉందని డాక్టరు చెప్పాడు. డయాలసిస్ లాగే రక్తాన్ని బయటికి తీసి, మిషన్‌లో ఎల్‌డీఎల్‌ను వడగట్టి, మళ్లీ ఒంట్లోకి ఎక్కిస్తారు. రెండు మూడు గంటల పని. ఒక్కసారికే ఎల్‌డీఎల్ సగానికి పైగా పడిపోతుంది. కానీ కలేజీ దర్వాజాలు మూసే ఉన్నాయి కాబట్టి మళ్లీ పెరుగుతుంది. వారానికో రెండు వారాలకో ఒకసారి, ఏళ్ల తరబడి చేయించాలి. మన దేశంలో ఇది దొరికే చోట్లు చాలా తక్కువ. ఖర్చు మనలాంటి వాళ్లు మోయలేనిది.

ఇది విని బిరాదరీలో ఒక పెద్దాయన, "హిజామా చేయిస్తే పోదా? అదీ చెడు రక్తం తీయడమేగా" అన్నారు. హిజామా అంటే నాకూ ఎహ్తెరాం ఉంది. కానీ అందులో బయటికొచ్చేది కొద్దిపాటి రక్తం. లోపల మిగిలిన రక్తంలో కొలెస్ట్రాల్ అలాగే ఉంటుంది. దాన్ని నమ్ముకుని మాత్ర మానేస్తే పిల్లకు జుల్మ్ చేసినట్టే.

నేను చెప్పదలచుకున్నది ఆ మిషన్ గురించి కాదు. అంతదాకా రాకుండా చూసుకోవడం గురించి. ఒక జీన్ మాత్రమే చెడిన వాళ్లకు స్టాటిన్ మాత్రలు బాగా పనిచేస్తాయి, ఖరీదూ తక్కువే. ఎనిమిది, పదేళ్ల వయసు నుంచే డాక్టరు మశ్వరాతో మొదలుపెట్టొచ్చు. ఇంట్లో ఒకరికి ఉంటే తోబుట్టువులకూ పిల్లలకూ ఒక్కొక్కరికి సగం అవకాశం ఉంటుంది. మా ఇంట్లో పదిహేడు మందిమి పరీక్ష చేయించుకుంటే ఏడుగురికి బయటపడింది. అందులో నేనూ ఉన్నాను. భాయ్‌జాన్‌కు ఎవరైనా ఈ పరీక్ష చేయించి ఉంటే అని ఇప్పుడు రాత్రుళ్లు అనిపిస్తోంది.

ఇక రిష్తాల మాట. ఖాలా, ఫుప్పీ, మామూ పిల్లలతో నిఖా జాయిజ్. ఫర్జ్ మాత్రం కాదు. ఇద్దరికీ ఈ జీన్ ఉంటే, పుట్టే ప్రతి బిడ్డకూ రెండూ చెడినవే వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. బయటి రిష్తా అయినా సరే, ఉన్న సంగతి చెప్పాలి. సరుకులో ఐబ్ దాచి అమ్మడమే గునాహ్ అయినప్పుడు, నిఖాలో దాచడం ఏమవుతుంది? జహేజ్ లెక్కలు గంటలు గంటలు మాట్లాడుకుంటాం. ఇంట్లో ఎవరెవరు చిన్న వయసులో గుండెపోటుతో పోయారని ఒక్క మాట అడగం. తర్వాత పిల్లకు బీమారీ వస్తే నింద అంతా బహూ మీద వేస్తాం. ఇది రెండు వైపుల నుంచీ వస్తేనే ఇంత తీవ్రంగా ఉంటుందని ఆ ఇంటి అత్తలకు ఎవరు చెప్తారు?

ఇలాజ్ చేయించుకోమని రసూల్ (స) నేర్పిన ఉమ్మత్ మనది. సబర్ అంటే తెలుసుకోకుండా కూర్చోవడం కాదు.

మా పిల్లకు షిఫా కోసం దువా చేయండి. మీ ఇంట్లో ఎవరైనా యాభై లోపే గుండెపోటుతో పోయి ఉంటే, ఈ నెలలోనే పిల్లలతో సహా అందరికీ లిపిడ్ ప్రొఫైల్ చేయించండి.