రాకాసిమట్టకి రగ్గు కప్పకండి!

చలికాలంలో మొక్కకి దుప్పటి కప్పేవాళ్ళని ఎప్పుడైనా చూశారా మీరు? నేను చూశాను. చూడటమేమిటి, నేనే కప్పాను. కప్పి మరీ చంపాను. అందుకే ఈ విషయంలో నోరెత్తే హక్కు నాకుందనుకుంటున్నాను.

మా చెల్లెలు లండనుకి దక్షిణంగా ఓ చిన్న ఊళ్ళో కాపరముంటోంది. పెరట్లో అందరిలా గులాబీలు వేసుకోక, తను ముచ్చటపడి పెంచుకున్నదేమిటనుకున్నారు? రాకాసిమట్ట! అక్కడ అగేవ్ అంటారు. అనంతపురం వైపు పొలాల గట్ల మీద కంచెగా వేసేదీ, మట్టలు నానబెట్టి, బాది, నార తీసి పగ్గాలు పేనేదీ అదే. మా అమ్మమ్మగారి ఊళ్ళో దాని ముల్లు గీరుకోని పిల్ల లేదు. అలాంటిదాన్ని డబ్బు పోసి కొని తొమ్మిదేళ్ళు పెంచింది. నా నడుమెత్తు అయింది.

"ఎందుకే ఈ ముళ్ళకంప?" అంటే, "ఊరు గుర్తొస్తుందక్కా" అంది.

ఓ అక్టోబరులో తనకి ఆపరేషనయితే సాయానికి వెళ్ళాను. తను వీధివైపు పైగదిలో మంచం మీద. పెరడు నా రాజ్యం. పాపం, ఎండదేశపు మొక్క, ఎంత వణికిపోతోందోనని నా బెంగ. రోజూ చెంబుడు నీళ్ళు పోశాను. ప్లాస్టిక్ షీటు చుట్టాను. దాని మీద పాత రగ్గు కప్పాను. ఫిబ్రవరిలో చెల్లెలు కిందికి దిగి రగ్గు తీసి, మధ్య మొవ్వు పట్టుకుంది. అది చేతిలోకి ఊడొచ్చింది. గోధుమరంగు గుజ్జు. అమ్మమ్మగారి ఊళ్ళో నార నానేసిన గుంట కంపు!

"చలి చంపేసింది" అన్నారు అందరూ. నేనూ హాయిగా ఒప్పుకున్నాను. ఎవరికి వాళ్ళకి చేతులు కడుక్కోవటానికి అంతకంటే మంచి మాట లేదు గదా!

కానీ అది అబద్ధం. అమెరికాలో డెన్వర్ అని ఊరుంది. సున్నాకి 20 డిగ్రీలు కిందికి దిగుతుంది అక్కడ. లండనులో అంత చలి కలలోకైనా రాదు. అయినా డెన్వర్ తోటల్లో ప్యారీ అగేవ్ మంచు కింద నిక్షేపంగా ఉంటుంది. అదే మొక్కని ఇంగ్లండు బంకమట్టిలో పెట్టండి, అంత చలి లేకపోయినా కుళ్ళిపోతుంది. తేడా చలిలో లేదండీ, తడిలో ఉంది. డెన్వర్ చలికాలం పొడి, ఎండ. ఇంగ్లండులో నవంబరు నుంచి నేల ఆరదు. నిద్రపోతున్న మొక్క నీళ్ళు తాగదు. తాగని నీళ్ళు వేళ్ళ దగ్గర నిలిచి కుళ్ళబెడతాయి. నీళ్ళు నిండిన మట్ట గడ్డకడితే లోపల చీలిపోతుంది. దాహంతో ఉన్న మట్టలో రసం చిక్కబడి అంత తొందరగా గడ్డకట్టదు. అంటే దాన్ని కాపాడేది దాహమే. నేను తీర్చింది సరిగ్గా దాన్నే.

ఇంత తేలిక సంగతి చెప్పకుండా శీతాకాలం రాగానే గొంగళ్ళూ, కవర్లూ అమ్ముకునే కొట్లని ఏమనాలి? మరీ గడ్డకట్టే రాత్రి పల్చటి గుడ్డ కప్పి పొద్దున్నే తీసేస్తే తప్పు లేదు. నెలల తరబడి ప్లాస్టిక్‌లో ఉడకబెట్టడం మటుకు హత్యే. నెత్తిన ఓ అద్దం పందిరి వేసి, పక్కలు బార్లా వదిలేస్తే చాలు. గులకరాళ్ళూ ఇటుకముక్కలూ పోసి దిబ్బ చెయ్యండి. దక్షిణపు ఎండ తగిలే గోడ పక్కన, మొవ్వులో నీళ్ళు నిలవకుండా కాస్త పక్కకి వాల్చి, మే నెలలో నాటండి. చలి వచ్చేలోపల వేళ్ళు దిగుతాయి. ఆ తరవాత దాని జోలికి పోకండి. ఈ ఆఖరిదే మన ఆడవాళ్ళకి కష్టం.

పక్కింటి దొరగారిది ఇంకో పాట: "ఇది ఈ నేల మొక్క కాదమ్మా!" ఆ మాటకొస్తే అనంతపురం నేలది మటుకు ఎలా అవుతుంది? దాని పుట్టిల్లు మెక్సికో. మన గట్ల మీదికీ ఎప్పుడో వలసొచ్చిందే. ఇంగ్లండు నైరుతిమూల ట్రెస్కో ద్వీపంలో అగస్టస్ స్మిత్ 1834లో మొదలెట్టిన తోటలో ఇవి ఆరుబయటే పెరిగి, తాటిచెట్టంత పూలకాడ వేస్తాయి. 1987 జనవరిలో అక్కడ మంచు కురిసి ఎన్నో మొక్కలు పోయాయి, నిజమే. మళ్ళీ నాటుకున్నారు. మన కంచె జాతికి అంత ఓర్పు లేదంటే, మెక్సికో కొండల మీద మంచుకీ వానకీ అలవాటుపడ్డ మోంటానా జాతి ఉండనే ఉంది.

చెల్లెలికి ఆ జాతి అక్కర్లేదట. చచ్చిన మొక్క పక్కనుంచి ఓ పిలక లేచింది. దాన్నే దిబ్బ మీద వాలుగా పెట్టింది. ఇప్పటికి మూడు చలికాలాలు దాటింది. పోయినసారి నేను వెళ్ళేసరికి పెరట్లో నీళ్ళ డబ్బా కనిపించలేదు. అడిగితే మా మరిది నవ్వి, "మీరొస్తున్నారని అటకెక్కించిందండీ వదినగారూ" అన్నాడు.