సముద్రపు చదువు మన పిల్లలకు పరాయిదా?

పెద్దముడియం మండలంలో సముద్రం లేదు. ఉన్నవి నల్లరేగడి భూములు, శనగ చేలు, వరద వస్తే ఊళ్లను ముంచెత్తే కుందూ నది. ఆ కుందూ నీరే పెన్నలో కలిసి, సోమశిల దాటి, నెల్లూరు జిల్లాలో బంగాళాఖాతాన్ని చేరుతుంది. అయినా ఇక్కడి ముస్లిం ఇంటి ఆడపిల్ల జంతుశాస్త్రంతో బీఎస్సీ ముగించి, సముద్ర జీవశాస్త్రం చదవడానికి విదేశం వెళ్తానంటే, ఇంట్లో మొదట వినిపించే మాట "మనకెందుకు బేటీ ఆ చదువు" అన్నదే. నర్సింగో బీఈడీయో అయితే ప్రొద్దుటూరులోనో జమ్మలమడుగులోనో పని దొరుకుతుందని పెద్దల ఆలోచన. ఆ ఆలోచనను మేము తేలిక చేయడం లేదు. కానీ అది సగం సమాచారం మీద నిలబడిన ఆలోచన.

డాక్టర్ సయ్యద్ జహూర్ ఖాసిం పేరు మన పిల్లల్లో ఎందరు విన్నారు? 1926లో అలహాబాదులో జన్మించిన ఆయన అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్రం చదివారు. ఆ రెండు ఊళ్లూ సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో ఉన్నవే. అక్కడి నుంచి బ్రిటన్ వెళ్లి, ఉత్తర వేల్స్‌లోని బాంగర్‌లో సముద్ర జీవశాస్త్ర పరిశోధన చేసి 1956లో పీహెచ్‌డీ పొందారు. స్వదేశం తిరిగివచ్చాక కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థకు, ఆ తరువాత గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థకు డైరెక్టరయ్యారు. 1981 డిసెంబరు 6న 21 మందితో గోవా తీరం నుంచి బయలుదేరిన భారతదేశపు తొలి అంటార్కిటికా యాత్రకు నాయకుడు ఆయనే. జామియా మిల్లియా ఇస్లామియాకు వైస్ ఛాన్సలర్‌గానూ పనిచేశారు. మన సభల్లో మౌలానా ఆజాద్‌ను, అబ్దుల్ కలాంను తలుచుకుంటాం, తలుచుకోవలసిందే. ఖాసిం గారి పేరు మాత్రం ఆ వేదికల మీద వినిపించదు.

ఈ చదువుకు ఉద్యోగాలు లేవన్న మాట కూడా నిలవదు. మన రాష్ట్రానికి దాదాపు వెయ్యి కిలోమీటర్ల తీరం ఉంది. రొయ్యల సాగులో దేశానికే ముందున్న రాష్ట్రమిది. హేచరీలు, వ్యాధి నిర్ధారణ ప్రయోగశాలలు, మత్స్యశాఖ, పరిశోధన సంస్థలు అన్నీ ఈ శాస్త్రం తెలిసినవారి మీదే ఆధారపడతాయి. చేపలు ఎక్కడ దొరుకుతాయో మత్స్యకారులకు తెలిపే, సునామీ హెచ్చరికలు ఇచ్చే ఇన్‌కాయిస్ సంస్థ ఉన్నది సముద్రం లేని హైదరాబాదులో!

మనకు సముద్రం దాటడం కొత్త కాదు. కడప జిల్లాలో కువైట్‌కో సౌదీకో వెళ్లినవారు లేని ముస్లిం వీధి అరుదు. డ్రైవర్లుగా తండ్రులు వెళ్లారు, ఇళ్లలో పనికి తల్లులు వెళ్లారు. వారు పంపిన డబ్బుతోనే ఇళ్లు లేచాయి, పెళ్లిళ్లు జరిగాయి. ముక్కూముఖం తెలియని ఇంట్లో పనికి తల్లిని పంపిన కుటుంబమే, విశ్వవిద్యాలయపు వసతి గృహానికి కూతురిని పంపాలంటే బంధువులేమంటారోనని వెనకాడుతున్నది. ఈ వైరుధ్యం గురించి మన జమాతుల్లో, మన ఇళ్లలో మాట్లాడుకోక తప్పదు.

పైగా దారి ఆ గల్ఫ్ దేశాల వైపే ఉంది. జెద్దాకు ఉత్తరాన ఎర్రసముద్రం ఒడ్డున, థువల్‌లో, 2009లో కింగ్ అబ్దుల్లా సైన్స్ అండ్ టెక్నాలజీ విశ్వవిద్యాలయం ప్రారంభమైంది. అక్కడ సముద్ర శాస్త్రంలో ఎంఎస్, పీహెచ్‌డీ ఉన్నాయి. ఎదురుగా ఉన్న పగడపు దిబ్బలే వారి ప్రయోగశాల. ఫెలోషిప్ పొందిన విద్యార్థికి ఫీజు ఉండదు, నివాసం, వైద్యం, నెలవారీ భత్యం అందుతాయి. మన తండ్రులు చెమటోడ్చిన దేశంలోనే ఇలాంటి చోటు ఉందని మన కాలేజీ పిల్లలకు చెప్పేవారు లేరు. ఐరోపాలోనూ అవకాశాలున్నాయి. జర్మనీలోని బ్రెమెన్ విశ్వవిద్యాలయం ఉష్ణమండల జల జీవావరణంపై ఆంగ్లంలోనే ఎంఎస్సీ నడుపుతున్నది. అక్కడి ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చాలావాటిలో ట్యూషన్ ఫీజు లేదు. కన్సల్టెన్సీల వారు వీటి ఊసెత్తరు, వారికి కమీషన్ వచ్చే కాలేజీలు వేరు.

ఇక అసలు అడ్డంకి, డబ్బు. విద్యారుణం ఏడున్నర లక్షలు దాటితే బ్యాంకు ఆస్తి హామీ అడుగుతుంది. రెండెకరాల మెట్ట, చిన్న ఇల్లు ఉన్న కుటుంబం ఏం చూపగలదు? దానికి తోడు వడ్డీ. వడ్డీ అన్న మాట వినగానే దరఖాస్తు మడిచి పెట్టే కుటుంబాలు మన మధ్య ఎన్నో ఉన్నాయి. ఆ మసలా ఉలమాలు చెప్పవలసినది. ప్రభుత్వం చేయవలసినది మాత్రం మాకు తెలుసు. మైనారిటీ విద్యార్థుల విదేశీ విద్యారుణాలపై చదువు కాలపు వడ్డీని కేంద్రమే భరించే 'పఢో పరదేశ్' పథకం ఉండేది. అందులో 35 శాతం ఆడపిల్లలకు కేటాయించారు. 2022–23 నుంచి దానిని ఆపేశారు. మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌నూ అప్పుడే నిలిపివేశారు. ఇరవై ఏళ్లు దాటిన ముస్లింలలో డిగ్రీ, డిప్లొమా ఉన్నవారు నాలుగు శాతం కూడా లేరని సచార్ కమిటీ 2006లోనే చెప్పింది. ఆ లోటు తీరకముందే నిచ్చెన లాగేయడాన్ని ఏ పేరుతో పిలవాలో పాఠకులే నిర్ణయించుకోవచ్చు.

రాష్ట్ర ప్రభుత్వాలు కూడా ఈ విషయంలో తీరైన దారి వేయలేదు. 2022లో వచ్చిన జగనన్న విదేశీ విద్యా దీవెన ఉదారమైన మొత్తమే ప్రకటించింది. కానీ దానిని క్యూఎస్ ర్యాంకుల్లో మొదటి 200 విశ్వవిద్యాలయాలకు పరిమితం చేశారు, ఆపై సబ్జెక్టుల వారీగా మొదటి 50కి మార్చారు. ఖాసిం గారు చదివిన బాంగర్ ఆ మొదటి 200లో లేదు, బ్రెమెన్ లేదు. సముద్ర జీవశాస్త్రం వంటి చదువుకు విశ్వవిద్యాలయపు మొత్తం ర్యాంకు ఒక్కటే కొలబద్ద కాజాలదు. తీరం, పరిశోధన నౌక, ఆ విభాగపు అనుభవం లెక్కలోకి రావాలి. ఏ ప్రభుత్వం ఉన్నా మేము అడిగేది ఒక్కటే: ర్యాంకు గీత చెరిపి, ఆ శాస్త్రంలో పేరున్న విభాగాల జాబితాను నిపుణులతో తయారు చేయించండి. మైనారిటీ ఫైనాన్స్ కార్పొరేషన్ ద్వారా వడ్డీ లేని విద్యారుణం ఇప్పించండి. కేంద్రం వడ్డీ రాయితీని పునరుద్ధరించాలని మన ఎంపీలు పార్లమెంటులో అడిగేలా చూడటం కార్యకర్తల పని.

అంతవరకు చేతులు కట్టుకుని కూర్చోనక్కరలేదు. విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో, నెల్లూరు విక్రమ సింహపురిలో ఎంఎస్సీ చేసి, పీహెచ్‌డీకి విదేశం వెళ్లే దారి తక్కువ ఖర్చుతో కూడినది. ఐఈఎల్‌టీఎస్ ఫీజుకు, పాస్‌పోర్టుకు, తొలి విమాన టికెట్టుకు మన బైతుల్‌మాల్‌లు సాయపడగలవు. ఇంకొక చిన్న పని ఉంది, చిన్నదని వదిలేస్తే ఏడాది పోతుంది. పదో తరగతి మెమోలో 'ఎస్‌కే' అని, ఆధార్‌లో 'షేక్' అని, తండ్రి పాస్‌పోర్టులో మరొకలా ఉన్న పేర్లు మన ఇళ్లలో సర్వసాధారణం. ఆ తేడాలను డిగ్రీ రెండో సంవత్సరం దాటకముందే సరిచేయించుకోవాలి.