బాగున్న గ్రంథుల్ని కూడా ఎందుకు తీస్తారు?



ఇంట్లో ఎవరికైనా పెద్ద ఆపరేషన్ అంటే మగవాళ్ళు డబ్బు కోసం తిరుగుతారు. మంచం పక్కన కూర్చుని డాక్టరుగారు చెప్పేది వినేది మనమే. అందుకే ఈ వారం పిత్తనాళం క్యాన్సర్ గురించి చెప్పుకుందాం.

కాలేయంలో ఊరే పైత్యరసాన్ని పేగులోకి చేర్చే గొట్టమే పిత్తనాళం. దానికి గడ్డ అడ్డుపడితే కళ్ళు పచ్చబడతాయి, ఒళ్ళంతా దురద, మూత్రం ముదురు రంగు, మలం పాలిపోతుంది. కామెర్లే కదా అని ఆకుపసరు తాగుతూ కూర్చుంటే విలువైన రోజులు పోతాయి.

ఆపరేషన్‌లో గడ్డతోపాటు చుట్టూ ఉన్న లింఫు గ్రంథుల్ని కూడా తీస్తుంటారు. మా తోటికోడలి అన్నయ్యగారికి అలాగే చేశారు. "స్కానింగులో గ్రంథులు బాగానే ఉన్నాయన్నారు కదక్కా! మంచివాటిని ఎందుకు తీసినట్టు? బిల్లు పెంచడానికా?" అని ఆవిడ ఒకటే బాధ. తీరా రిపోర్టు వస్తే, తీసిన 7 గ్రంథుల్లో రెండింటికి జబ్బు పాకి ఉంది.

సంగతేమిటంటే, గ్రంథిలో కాసిని క్యాన్సర్ కణాలు చేరినంతలో అది వాయదు. స్కానింగుకి అందదు. మైక్రోస్కోపు కింద చూస్తేనే బయటపడుతుంది. అన్నం ఉడికిందో లేదో మనకి ఒక్క మెతుకు చెబుతుంది గానీ, ఇక్కడ ఒక్కటి చాలదు. కాలేయం లోపలి నాళాల్లో గడ్డయితే కనీసం 6 గ్రంథులు పరీక్షించాలని 2018లో అమలుకొచ్చిన అమెరికా క్యాన్సర్ కమిటీ నియమాల్లో ఉంది. గ్రంథుల్లో జబ్బు ఉంటే తిరగబెట్టే భయం ఎక్కువ. కాబట్టి తరవాతి వైద్యం, పరీక్షలు విడవకుండా చేయించుకోవాలి.

మరి గ్రంథులు తీస్తే ఆయుష్షు పెరుగుతుందా? కాలేయం బయట నాళంలో గడ్డయితే వాటిని తీయడం ఆపరేషన్‌లో భాగమే. కాలేయం లోపలిదైతే, ముందుజాగ్రత్తగా తీసినందువల్ల ఆయుష్షు పెరుగుతుందా అన్నది డాక్టర్లలోనే తేలలేదు. జబ్బు ఎంతవరకు పాకిందో తెలుస్తుందన్నది మాత్రం అందరూ ఒప్పుకునే మాటే. రక్తం పోవడం, లింఫు నీరు కారడం లాంటి ఇబ్బందులూ లేకపోలేదు. కాలేయం గట్టిపడ్డవాళ్ళకి మరీను.

అందుకని మొహమాటపడకుండా ఇవి అడగండి:

1. ఆపరేషన్‌కి ముందు: గ్రంథులు తీస్తారా, ఎందుకు? మావాళ్ళ కాలేయం తట్టుకుంటుందా?

2. తరవాత: ఎన్ని గ్రంథులు పరీక్షించారు, ఎన్నిట్లో జబ్బు ఉంది?

3. కేపెసిటబిన్ మాత్రలు అవసరమా? బ్రిటన్‌లో 447 మంది మీద జరిపి 2019లో ప్రకటించిన పరిశోధన తరవాత, ఆపరేషన్ అయినవాళ్ళకి వీటిని సుమారు 6 నెలలు ఇవ్వడం వాడుకలోకి వచ్చింది.

బయాప్సీ రిపోర్టుకి రెండు జిరాక్సులు తీయించి బీరువాలో దాచండి. ఆ తరవాత ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా ముందు అడిగేది ఆ కాగితమే.