కొత్త బస్సు దూరానికి.. పాతది పల్లెకు

తిరుపతి: ఆర్టీసీ డిపోకు కొత్త బస్సు వస్తే అది తొలుత వెళ్లేది దూరప్రాంత సర్వీసుకే. కొన్ని లక్షల కిలోమీటర్లు తిరిగాక దానిని ఎక్స్‌ప్రెస్‌గానో, పల్లెవెలుగుగానో మార్చి నడపడం సంస్థలో చాలాకాలంగా ఉన్న ఆనవాయితీ. ఎక్కువ చార్జీ చెల్లించే ప్రయాణికుడు ప్రైవేటు బస్సువైపు మళ్లకుండా చూడడమే దీని ఉద్దేశం. ఆదాయం దృష్ట్యా ఇందులో తప్పులేదు.

అయితే ఆ లెక్క ఇప్పుడు మారింది. 2025 ఆగస్టు 15న ప్రారంభమైన స్త్రీశక్తి పథకం కింద మహిళలకు ఉచిత ప్రయాణం వర్తించేది పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్‌లలోనే. అంటే రద్దీ పెరిగే సర్వీసులకే పాత బస్సులు వెళుతున్నాయి. గతుకుల దారి, నిండు లోడు, అడుగడుగునా స్టాపులతో క్లచ్, బ్రేకులపై భారం హెచ్చు. పైగా 15 ఏళ్లు నిండిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్‌ను పునరుద్ధరించరాదన్న కేంద్ర నిబంధన 2023 ఏప్రిల్ 1 నుంచి ఆర్టీసీ బస్సులకూ వర్తిస్తోంది. పాతవాటితో ఎల్లకాలం నెట్టుకురావడం కుదరదు.

2022లో అలిపిరి డిపోకు కేటాయించిన 100 విద్యుత్ బస్సుల్లో సగం తిరుమల ఘాట్‌కు, మిగిలినవి రేణిగుంట విమానాశ్రయం, కడప, నెల్లూరు, మదనపల్లె మార్గాలకు వెళ్లాయి. ఘాట్‌కు మేలైన బస్సు తప్పనిసరి. చార్జింగ్ వసతి లేని పల్లెకు విద్యుత్ బస్సు పంపడమూ కష్టమే. కానీ వాటి రాకతో ఖాళీ అయ్యే డీజిల్ బస్సుల్లో కండిషన్ బాగున్నవాటిని పల్లెలకు ఇవ్వవచ్చు.

పెద్ద రూటులో ఒక బస్సు ఆగితే వెనుక మరొకటి వస్తుంది. రోజుకు రెండు ట్రిప్పులే ఉన్న ఊళ్లో ఆగితే విద్యార్థికి ఆ రోజు తరగతి పోయినట్టే. కేటాయింపులో ఆదాయంతోపాటు ఈ తేడానూ తూచాలి.