చౌకగా దొరికిన ద్రాక్షారిష్టం: కొనేముందు, త్రాగేముందు

గడచిన దసరా రోజులలో ఆళ్లగడ్డ నుండి దంపతులిద్దరు నంద్యాలలోని నా వైద్యశాలకు వచ్చారు. భర్త ఉపాధ్యాయుడుగా పనిచేసి పదవీవిరమణ చేసినవారు. కూర్చుంటూనే చేతిసంచిలో నుండి ద్రాక్షారిష్టం సీసాలు అయిదు తీసి బల్లమీద వరుసగా పెట్టారు.

"ఆన్‌లైన్‌లో పండుగ తగ్గింపు స్వామీ! రెండు కొంటే ఒకటి ఉచితమన్నారు. నాలుగు కొన్నాను, ఆరు వచ్చాయి. ద్రాక్షతో చేసింది గదా, పాతబడే కొద్దీ మంచిదంటారు. వీటిని ఇప్పుడే త్రాగమంటారా, కొన్నేళ్లు దాచమంటారా?" అని అడిగారు.

ఆరవ సీసా ఏమైందని నేను అడిగేలోగానే ఆమె అందుకున్నారు. "అది నాలుగు రోజులలో అయిపోయింది స్వామీ. రాత్రి భోజనం ముందు ఒక చిన్న గ్లాసు. మందే గదా అంటారు. ఈయనకు చక్కెర జబ్బు ఉంది. మొన్న పరీక్ష చేయిస్తే బాగా పెరిగి ఉంది."

ఈ ప్రశ్న వారొక్కరిదే కాదు. సెల్‌ఫోను చేతికి వచ్చిన తరువాత అరిష్టాలు, ఆసవాలు అంగడి సరుకుల వలె ఇంటి గడపకే వస్తున్నాయి. కొనడం సులభమైంది గాని కొన్నదానిని ఎప్పుడు, ఎంత, ఎవరు పుచ్చుకోవాలో చెప్పేవారు కరువయ్యారు. అందువల్ల నలభై ఏండ్లకు పైబడిన నా అనుభవంతో నాలుగు మాటలు మనవి చేస్తున్నాను.

ముందుగా అరిష్టమంటే ఏమిటో తెలియాలి. మూలికలను కాచిన కషాయంతో చేసేది అరిష్టం. కాచకుండా చేసేది ఆసవం. రెంటిలోనూ బెల్లం గాని, చక్కెర గాని, తేనె గాని కలిపి పులియనిస్తారు. పులిసేటప్పుడు అందులోనే మద్యసారం పుడుతుంది. నేను ఆళ్లగడ్డలో గురువుగారి ఇంట విద్య నేర్చుకున్న రోజులలో నేతితో పదును చేసిన మట్టికుండలో కషాయం పోసి, మూతికి చీలమన్ను చుట్టి, ధాన్యరాశిలో పూడ్చేవాళ్లం. నల్లమల నుండి వచ్చిన ధాతకీ పుష్పాలను చాలా యోగాలలో పులియడానికి సాయంగా వేసేవాళ్లం. సుమారు నెల తరువాత కుండకు చెవి ఆనించి వినమనేవారు. బుసబుస శబ్దం వస్తే ఇంకా పక్వం కాలేదన్నమాట. మూతి దగ్గర వెలిగించిన వత్తి ఆరిపోకుండా నిలిస్తే, లోపల వాయువు పుట్టడం ఆగిందనీ అరిష్టం సిద్ధమైందనీ లెక్క.

శార్ఙ్గధర సంహితలోని ద్రాక్షారిష్ట యోగంలో ద్రాక్ష 50 పలాలు, బెల్లం రెండు తులలు, అనగా 200 పలాలు. ద్రాక్షకు నాలుగింతలు బెల్లం! పులియగా అందులో కొంత మద్యసారంగా మారినా తీపి చాలావరకు మిగిలే ఉంటుంది. పేరులో ద్రాక్ష ఉన్నది గదా అని చక్కెర జబ్బు వారు దీనిని పండ్లరసంగా భావించడం ఎంత పొరపాటో ఈ ఒక్క లెక్క చాలు.

ఇక పాతబడితే మంచిదన్న మాట. ఇది అబద్ధం కాదు. కాలం గడిచేకొద్దీ చూర్ణాలు, లేహ్యాలు, ఘృత తైలాలు బలం తగ్గుతాయనీ, ఆసవాలు, లోహ భస్మాలు, రసౌషధాలు మాత్రం గుణవంతమవుతాయనీ శార్ఙ్గధరుడు స్పష్టంగా చెప్పాడు. క్రొత్త మద్యం గురువు, దోషకారి అనీ, పాతది లఘువు అనీ వాగ్భటాదులు కూడా అన్నారు. పాత బియ్యపు అన్నం తేలికగా అరుగుతుందని మన ఇండ్లలో పెద్దలు చెప్పడం లేదా? ఇదీ అటువంటిదే. ప్రభుత్వ నియమాలు సైతం చూర్ణానికి తయారీ తేదీ నుండి 2 సంవత్సరాలు గడువిచ్చి, ఆసవారిష్టాలకు 10 సంవత్సరాలు ఇచ్చాయి.

అయితే ఈ పాతదనం మూత తీయని సీసాకు, చల్లని చీకటి చోటున ఉన్న సీసాకు మాత్రమే వర్తిస్తుంది. పూర్వం ధాన్యరాశిలో పూడ్చినది ఊరికే కాదు. అక్కడ పగలూ రాత్రీ వేడి ఒకే తీరుగా ఉంటుంది. నంద్యాలలో ఎండ 45 డిగ్రీలను తాకే రోజులున్నాయి. అటువంటి చోట వంటింటి గట్టుమీదనో, కిటికీలోనో మూడు వేసవులు గడిపిన సీసా పాతబడినట్లు కాదు, పాడైనట్లు. విదేశాలలో ద్రాక్షమద్యం సీసాలపై పంట సంవత్సరం చూసి కొని నేలమాళిగలలో దాచుకొనేవారున్నారు. అక్కడ కూడా దాచినకొద్దీ మెరుగయ్యేవి కొన్నే. అధికభాగం కొద్ది సంవత్సరాలలో త్రాగడానికి చేసినవే.

మూత తీసిన తరువాత సంగతి వేరు. గాలి సోకితే మద్యసారం క్రమంగా పులుపుగా మారుతుంది. దీనినే మన శాస్త్రం శుక్తం అన్నది. ఇటువంటి చెడుగుడులకు సూక్ష్మజీవులు కారణమని ఫ్రాన్సు శాస్త్రవేత్త లూయీ పాశ్చర్ 1866లో ద్రాక్షమద్యంపై వెలువరించిన గ్రంథంలో వివరించాడు. అందుచేత సీసా తెరిచిన రోజును దానిపైనే వ్రాసి ఉంచండి. ఒకటి పూర్తయ్యేదాకా రెండవది తెరవకండి. తెరిచినది నెల, నెలన్నరలో ముగియాలన్నది నేను పాటించే నియమం. అడుగున కొద్దిగా మడ్డి చేరడం సహజమే, దానికి భయపడనక్కరలేదు. సిర్కా వాసన, పైన బూజు, మూత తీయగానే బుసబుస పొంగు కనిపిస్తే మాత్రం పారబోయండి. ఖరీదు చూసి వెనుకాడకండి.

ఇప్పుడు బేరం మాటకు వద్దాం. తగ్గింపు శాతాన్ని చూసి మోసపోకుండా మిల్లీలీటరుకు ఎంత పడుతుందో లెక్క కట్టండి. 450 మి.లీ. సీసా 180 రూపాయలనుకోండి, మి.లీ.కి 40 పైసలు. దానిపై రవాణాకు 40 రూపాయలు వేస్తే మి.లీ.కి 49 పైసలవుతుంది. మీ వీధి చివరి దుకాణంలో అదే సీసా 200కు దొరికితే అదే చౌక. పైగా సీసాను చేతిలోకి తీసుకొని చూసి కొనవచ్చు.

తరువాత చూడవలసినది తేదీ. భారీ తగ్గింపుతో వచ్చే సరుకులో గడువు దగ్గరపడినదీ ఉండవచ్చు. 2020లో వచ్చిన వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నియమాల ప్రకారం, గడువు తేదీ వర్తించే సరుకుకు ఆ తేదీని అమ్మకందారు కొనుగోలుదారుకు తెలపాలి. తెరపై అది కనిపించకపోతే అడగండి, చెప్పకపోతే కొనకండి. సీసాపై ఆయుర్వేద ఔషధమన్న మాట, తయారీ లైసెన్సు సంఖ్య, బ్యాచ్ సంఖ్య, తయారీ తేదీ, మద్యసారం శాతం ఉన్నాయో లేదో పరిశీలించండి. స్వయంగా పుట్టే మద్యసారం ఆసవారిష్టాలలో 12 శాతం మించరాదని నిబంధన. సీలు చెదిరిన సీసాను, ఉబ్బిన ప్లాస్టిక్ సీసాను వెంటనే తిప్పి పంపండి. మందులను వెనక్కు తీసుకోమనే దుకాణాలున్నాయి గనుక ఆ షరతును డబ్బు కట్టకముందే చదువుకోండి.

ఇంతకూ త్రాగవలసిన కాలమేది? ద్రాక్షారిష్టం దగ్గు, ఆయాసం, ఉరఃక్షతం, నీరసం ఉన్నవారికి బలమిచ్చే ఔషధం; విరేచనం సాఫీగా అయ్యేట్లు చేస్తుంది. రోగం, బలం, జఠరాగ్ని చూసి వైద్యుడు ఇస్తాడు. పెద్దవారికి సాధారణ మోతాదు 12 నుండి 24 మి.లీ.; భోజనం తరువాత, సమానంగా నీరు కలిపి. చలికాలం దీనికి అనుకూలం. గ్రీష్మంలో మద్యం మానాలనీ, తప్పనిసరి అయితే స్వల్పంగా, నీరు ఎక్కువగా కలిపి పుచ్చుకోవాలనీ వాగ్భటుడు ఋతుచర్యలో చెప్పాడు. ఆ జాగ్రత్త అరిష్టానికీ మంచిదే.

ఆ ఉపాధ్యాయుని గ్లాసును కొలిచి చూశాను. సుమారు 120 మి.లీ. పట్టింది. 8 శాతం మద్యసారమున్న అరిష్టమైతే 15 మి.లీ. మోతాదులో వచ్చేది 1.2 మి.లీ.; ఆయన గ్లాసులో వచ్చేది 9.6 మి.లీ. అది దాదాపు 200 మి.లీ. బీరులో ఉండేంత! దానికి బెల్లపు తీపి అదనం. మంచి ఔషధాన్ని భోజనానికి ముందు, ఎనిమిది రెట్లు మోతాదులో పుచ్చుకుంటే దానిని ఔషధమని ఎట్లా అనగలం?

గర్భిణులు, పసిపిల్లలు, కాలేయవ్యాధి ఉన్నవారు, మద్యం మాన్పించే మందులు గాని, మెట్రోనిడజోల్ వంటి మాత్రలు గాని వాడుతున్నవారు వైద్యుని అడగకుండా అరిష్టాలను ముట్టరాదు. చక్కెర జబ్బుకు మాత్రలు వేసుకొనేవారు మరింత జాగ్రత్త పడాలి. త్రాగుడు మానిన మనిషి ఉన్న ఇంట్లో ఈ సీసాలు నిలువ పెట్టడమే తప్పు.

ఈ మాట నేను అనుభవించి చెబుతున్నాను. 1995లో మన రాష్ట్రంలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది; 1997లో సడలించారు. ఆ మధ్యకాలంలో నా దగ్గరకు ద్రాక్షాసవం కావాలని వచ్చేవారు హఠాత్తుగా పెరిగారు. ఆయుర్వేదంపై ప్రజలకు గురి కుదిరిందని మురిసిపోయాను. కొంతకాలానికి ఒక ఇల్లాలు వచ్చి, "స్వామీ, మా ఆయన సారా మానినాడని సంతోషపడితిమి. ఇప్పుడు మీ సీసాలు ఆ పని చేస్తున్నాయి" అని నెమ్మదిగా అన్నది. ఆమె కోపగించుకొని ఉంటే నాకు అంత బాధ కలిగేది కాదు. ఆనాటి నుండి రోగిని చూడకుండా, 15 రోజులకు మించి ఏ అరిష్టమూ ఇవ్వడం లేదు. అప్పుడు నేను చేసిన తప్పునే ఇప్పుడు సెల్‌ఫోను చేస్తున్నది. అయితే దాని దగ్గరకు వచ్చి నెమ్మదిగా చెప్పే వీలు ఏ ఇల్లాలికీ లేదు.

ఆళ్లగడ్డ దంపతులకు ఇదే చెప్పాను. భర్తకు ద్రాక్షారిష్టం పూర్తిగా మాన్పించి, చక్కెరకు చికిత్స చేస్తున్న వైద్యుని వెంటనే కలవమన్నాను. ఆమెకు చాలాకాలంగా పొడిదగ్గు, నీరసం ఉన్నాయి. పరీక్షించి, చక్కెర లేదని నిర్ధారించుకొని, పూటకు 15 మి.లీ. చొప్పున రెండుపూటలా భోజనానంతరం నీటితో పుచ్చుకోమని ఒక సీసా ఆమె చేతికిచ్చాను. ఆ లెక్కన 450 మి.లీ. సీసా 15 రోజులు వస్తుంది. మిగిలిన నాలుగింటి తేదీలు చూశాము. గడువు ఎంతో ఉన్నది. చల్లని గదిలో చెక్క బీరువాలో ఉంచి తాళంచెవి ఆమెనే పెట్టుకోమన్నాను. ఆయన నవ్వుతూ, "అయితే నేను చేసినది నష్టం బేరమే నంటారా?" అని అడిగారు. "కాదు నాయనా, బేరం మంచిదే. మందు మీది కాదు" అన్నాను.

పాఠకులకు నా మనవి ఒక్కటే. బేరం ధర సీసాకు కట్టేది. ఔషధగుణం మోతాదుకు కట్టేది. రెండవ లెక్క తెలియనిదే మొదటి లెక్కకు పోకండి. ఇంట్లో ఎవరికి అవసరమో, ఎన్నాళ్లకు అవసరమో వైద్యునితో తేల్చుకొని, అంతవరకే కొనండి. తగ్గింపులు ప్రతి పండుగకూ వస్తాయి. అవసరం వచ్చినప్పుడు కొన్న ఒక సీసా, చౌకగా వచ్చిందని కొన్న ఆరు సీసాలకంటే ఎప్పటికీ లాభమే.