చదువు ఎవరి సొత్తు? – 11: పన్నుకి దానమని పేరు పెడితే



అమెరికాలో 2025 జూలై 4న ట్రంప్ సంతకం చేసిన భారీ పన్నుల చట్టంలో బడి పిల్లల స్కాలర్‌షిప్పుల గురించి ఒక సెక్షన్ ఉంది. 2027 జనవరి నుంచి అమలు. స్కాలర్‌షిప్పులిచ్చే సంస్థకి 1,700 డాలర్లు ఇస్తే, మీరు కేంద్రానికి కట్టాల్సిన ఆదాయపు పన్నులో సరిగ్గా 1,700 డాలర్లు తగ్గిస్తారు. ఆ సొమ్ముతో ప్రైవేటు బడి ఫీజు కట్టొచ్చు, అది మతసంస్థ నడిపే బడైనా సరే. తమ దగ్గరి సంస్థల్ని ఇందులో చేర్చాలా వద్దా అన్నది రాష్ట్రాలే తేల్చుకోవాలి. కొలరాడో గవర్నర్ పోలిస్, డెమొక్రాటే అయినా, సరే అన్నారు. విస్కాన్సిన్ గవర్నర్ ఎవర్స్ వద్దన్నారు.

అక్కడ పన్ను కడుతున్న మన తెలుగువాళ్లు కూడా రేపు ఈ 'దానం' చేస్తారు. అందుకే అడుగుతున్నాను: ఇందులో దానం ఎక్కడుంది? ఇచ్చినవాళ్ల జేబులోంచి పైసా పోలేదు. పోయింది ఖజానా సొమ్ము, అంటే అందరి సొమ్ము. పేరు మాత్రం దాతది. ఆ డబ్బు ఏ సంస్థకి పోవాలో చెప్పే అధికారమూ దాతదే. ఆదాయపు పన్ను పడనంత తక్కువ సంపాదన ఉన్నవాళ్లకి ఆ అధికారం లేదు. తగ్గించుకోడానికి వాళ్లకి పన్నే లేదు కదా!

ఈ పనిముట్టు పాతదే. వర్జీనియాలోని ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీలో 1951లో నల్లజాతి విద్యార్థులు తమ బడి దుస్థితి మీద సమ్మె చేశారు. నాయకురాలు బార్బరా జాన్స్, పదహారేళ్ల పిల్ల. వాళ్ల కేసు బ్రౌన్ కేసులో కలిసింది. 1954లో సుప్రీంకోర్టు రంగుని బట్టి వేరు బడులు చెల్లవంది. కౌంటీ ఏం చేసింది? 1959లో ప్రభుత్వ బడులన్నీ మూసేసింది. తెల్లవాళ్లు తమ పిల్లలకి ప్రైవేటు బడి పెట్టుకున్నారు. ప్రైవేటు బడికి చందా ఇచ్చినవాళ్లకి ఆస్తిపన్నులో పావు వంతు దాకా తగ్గించారు! 1964లో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పాకే ప్రభుత్వ బడులు తెరుచుకున్నాయి.

ఇప్పటి చట్టం ఉద్దేశమూ అదేనని నేననడం లేదు. ప్రజల సొమ్ముని ప్రజలు అడగలేని చోటికి పంపే దారి మాత్రం అదే. ఆరిజోనాలో ఇలాంటి పథకాన్నే పన్ను కట్టేవాళ్లు సవాలు చేశారు. ఆ డబ్బు ఖజానాకే చేరలేదు, కాబట్టి అడిగే అర్హత మీకు లేదని 2011లో సుప్రీంకోర్టు తేల్చింది.

'పేద పిల్లలకి మంచి బడి వద్దా?' అంటారు. కావాలి. 1990లో మిల్వాకీలో ప్రైవేటు బడి వోచర్లు తెచ్చింది నల్లజాతి శాసనసభ్యురాలు పాలీ విలియమ్స్. అప్పుడు ఆదాయ పరిమితి పేదరిక రేఖకి 1.75 రెట్లు. తర్వాత పైవర్గాలకీ తలుపులు తెరుస్తుంటే ఆమే ఎదురు తిరిగారు. ఈ కొత్త చట్టంలో పరిమితి ఆ ప్రాంతపు మధ్యస్థ ఆదాయానికి మూడు రెట్లు. ఇది పేదల పథకమా? పైగా ఎవర్ని చేర్చుకోవాలో తేల్చేది ప్రైవేటు బడి. వైకల్యమున్న పిల్లలకి ప్రభుత్వ బడిలో ఉన్న చట్టపరమైన హక్కులన్నీ అక్కడ ఉండవు.

'చేరకపోతే మన జనం డబ్బు పక్క రాష్ట్రాల సంస్థలకి పోతుంది. ప్రభుత్వ బడి పిల్లల ట్యూషన్లకీ వాడొచ్చు కదా' అనే వాదనలో నిజముంది. ఆ నష్టం చిన్నదేం కాదు. అయినా రాష్ట్రాలు వద్దనాలనే అంటాను. ట్యూషన్లకి డబ్బు కావాలంటే బడ్జెట్లో పెట్టాలి, చట్టసభలో లెక్క చెప్పాలి.

దీంతో మనకేం పని అంటారా? 1913లో బాబాసాహెబ్ కొలంబియా వెళ్లింది బరోడా మహారాజు ఇచ్చిన ఉపకారవేతనంతో. 1917లో దాని గడువు తీరగానే లండన్ చదువు మధ్యలో ఆపి తిరిగి రావాల్సి వచ్చింది. దాత మంచివాడే. కానీ దానం హక్కు కాదు. అందుకే వైస్రాయి కౌన్సిల్లోకి వెళ్లాక ఆయన మన పిల్లల చదువుకి ప్రభుత్వ ఖజానా నుంచే డబ్బు అడిగారు, సాధించారు. ఇవాళ మీరు ఫీజు బకాయిల కోసం రోడ్డెక్కి నిలదీయగలుగుతున్నారంటే, అది బడ్జెట్ పద్దు కాబట్టే. దాత ఇంటి ముందు ధర్నా చేయలేం.

జై భీమ్.