వీధి దుమ్ము, వంటింటి పొగ, మన ముఖం

ఈ వారం వచ్చిన ఉత్తరాలలో విశాఖపట్నం సోదరి ఒకరు వ్రాసినదానికి ముందుగా జవాబు చెప్పాలి. ఆమె కుమార్తెకు 23 ఏళ్ళు. పాతనగరంలో ఇల్లు, గాజువాక అవతల ఉద్యోగం. రోజూ స్కూటరు మీద వెళ్ళి వస్తుంది. "ఏడాది తిరక్కుండానే పిల్ల ముఖం కళ తప్పింది. బుగ్గల మీద మచ్చలు తేలాయి. చూసినవాళ్ళంతా, సంబంధాలు చూస్తున్నారు గదా, ఉద్యోగం మాన్పించెయ్యండి అంటున్నారు. మందుల షాపులో అడిగితే ఒక క్రీము ఇచ్చారు. పది రోజుల్లో తెల్లబడింది. కాని ఒక పూట రాయకపోతే మంట పుడుతోందంటుంది. క్రీము కొనసాగించమంటారా? ఉద్యోగం మాన్పించమంటారా?" అని ఆమె ప్రశ్న.

అమ్మా, రెండింటికీ నా జవాబు ఒకటే: వద్దు. ఎందుకు వద్దో చెబుతాను. ఇది మీ ఒక్క ఇంటి సమస్య కాదు. హైదరాబాదులో, విజయవాడలో, గుంటూరులో రోజూ బండెక్కి వెళ్ళే ఆడపిల్లలందరిదీను.

ముందు క్రీము సంగతి. పది రోజుల్లో తెల్లబరచి, మానగానే మంట పుట్టించే క్రీములో స్టిరాయిడు కలిసి ఉందని అనుమానించాలి. స్టిరాయిడు మంచి మందే; డాక్టరు చెప్పిన జబ్బుకు, చెప్పినన్నాళ్ళు వాడితే మేలు చేస్తుంది. సౌందర్యం కోసం నెలల తరబడి ముఖానికి పూస్తే చర్మం పలచబడుతుంది, సన్నని రక్తనాళాలు ఎర్రగా పైకి కనిపిస్తాయి, మొటిమలు లేస్తాయి, నూగు వెంట్రుకలు పెరుగుతాయి. డాక్టరు చీటీ లేకుండా ఇటువంటివి అమ్మకూడదని 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టిరాయిడు పూతమందులను షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చింది. అయినా అడగ్గానే చేతిలో పెట్టే అంగళ్ళున్నాయి. మీ అమ్మాయిని ఆ ట్యూబుతో సహా చర్మవ్యాధుల డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళండి. దాన్ని ఎలా మాన్పించాలో ఆయన చెప్పినట్లే చెయ్యండి.

ఇక గాలి సంగతి. విశాఖకు ఒక పక్క సముద్రం, మిగిలిన పక్కల కొండలు. ఊరు గిన్నె అడుగున ఉన్నట్లు ఉంటుంది. శీతకాలపు రాత్రులలో చల్లగాలి ఆ గిన్నెలో కూర్చుండిపోతే పొగ పైకి పోదు. 1933లో రేవు తెరిచారు, 1957లో చమురు శుద్ధి కర్మాగారం వచ్చింది, ఆ తరువాత ఉక్కు వచ్చింది. వీటి వెంట వేలాది లారీలు, లక్షలాది బళ్ళు వచ్చాయి. ఆ గాలిలోనే మనం బతుకుతున్నాం.

గాలిలోని ధూళి అంతా ఒక్క తీరుది కాదు. కంటికి కనిపించే మన్ను, బొగ్గుపొడి ముతకవి, కడిగితే పోతాయి. పొగలోంచి వచ్చే నుసి అతి సన్ననిది. పి.ఎం. 2.5 అని మీరు వార్తల్లో వింటున్నది అదే. 2.5 మైక్రానులంటే తలవెంట్రుక మందంలో సుమారు ముప్పయ్యో వంతు. ఘనపు మీటరు గాలిలో ఇది ఏడాది సగటున 40 మైక్రోగ్రాములు దాటరాదని మన దేశం 2009లో నిర్ణయించుకున్నది. 5 దాటకపోతేనే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది.

ఈ నుసి చర్మాన్ని ఏం చేస్తుంది? మన పైచర్మాన్ని ఒక ఇటుక గోడ అనుకోండి. ఎండిన కణాలు ఇటుకలు. వాటి మధ్య కొవ్వు పదార్థం సున్నం. ఆ సున్నం గట్టిగా ఉన్నన్నాళ్ళు లోపలి తేమ బయటకు పోదు, బయటి విషం లోపలికి రాదు. పొగ, ఎండలో పుట్టే ఓజోను కలిసి ఆ కొవ్వును పాడుచేస్తాయి. నుసిని అంటిపెట్టుకున్న తారు వంటి పదార్థాలు చర్మకణాలను రెచ్చగొట్టి, రంగు ఎక్కువ పుట్టేటట్లు, చర్మాన్ని బిగువుగా ఉంచే కొలాజెన్ కరిగేటట్లు చేస్తాయి. దీనికి ఎండ తోడైతే నష్టం ఇంకా ఎక్కువ.

జర్మనీలో 70, 80 ఏళ్ళ మధ్య వయసున్న 400 మంది స్త్రీలను పరీక్షించి 2010లో ఫలితాలు ప్రకటించారు. బళ్ళ పొగ, నుసి ఎక్కువగా ఉన్నచోట బతికినవారికి నుదుటి మీద, బుగ్గల మీద మచ్చలు ఎక్కువగా కనిపించాయి. వారు తెల్లజాతివారు కనుక ఆ అంకెలన్నీ మనకు అలాగే వర్తిస్తాయనుకోనక్కరలేదు గాని, పొగకూ మచ్చలకూ సంబంధం ఉన్నదని మాత్రం తెలిసింది.

ఇప్పుడు మన చేతిలో ఉన్నది చూద్దాం.

బయలుదేరే ముందు: ముఖం కడుక్కుని, తడి పూర్తిగా ఆరకముందే వాసన లేని తేలికపాటి మాయిశ్చరైజరు రాయాలి. మీద సన్‌స్క్రీను, ఎస్.పి.ఎఫ్. 30కి తక్కువ లేనిది. చూపుడువేలు, మధ్యవేలు పొడవునా రెండు గీతలు పిండితే ముఖానికి, మెడకు సరిపోతుంది. చిటికెడు రాసుకుని ఫలితం లేదంటే లాభం లేదు. మచ్చలున్నవారికి ఐరన్ ఆక్సైడు కలిసిన లేతరంగు రకం మంచిది. ఎండలోనే పని అయితే రెండు గంటలకొకసారి మళ్ళీ రాయాలి. కొబ్బరినూనె పూసుకుని బండెక్కడం మంచిది కాదు. ధూళి అంతా దానికి అంటుకుంటుంది.

దారిలో: నూలు చున్నీ ఎండను, ముతక దుమ్మును ఆపుతుంది, సన్నని నుసిని ఆపలేదు. ఊపిరి కోసం ఎన్95 మాస్కు పెట్టుకోవాలి. ఒక మాట మరచిపోవద్దు: నిన్నటి చున్నీ ఇవాళ మళ్ళీ చుట్టుకుంటే నిన్నటి దుమ్మునే ముఖానికి రుద్దుకున్నట్లు. చున్నీ రోజూ ఉతకాలి. హెల్మెట్ లోపలి గుడ్డ ఊడివచ్చేదైతే వారానికొకసారి అదీ ఉతకాలి.

ఇంటికి రాగానే: ముందు చేతులు కడుక్కోవాలి. తరువాత చల్లని లేక గోరువెచ్చని నీళ్ళతో, ఘాటు లేని క్లెన్సరుతో, వేళ్ళ కొసలతో ఒక్క నిమిషం మెల్లగా రుద్ది కడగాలి. మెత్తని తువాలుతో అద్దుకోవాలి, తుడవకూడదు. మళ్ళీ మాయిశ్చరైజరు. అంతే. రోజుకు రెండుసార్లు చాలు.

కడిగిన కొద్దీ శుభ్రం అనుకోవడం సరికాదు. మురికి పోవాలని రోజుకు ఐదుసార్లు సబ్బుతో తోమితే, పొగ మిగిల్చిన సున్నం కూడా మనమే గోకేసినట్లవుతుంది. నిమ్మరసం మరీ పులుపు. అది రాసుకుని ఎండలోకి వెళితే బొబ్బలెక్కి మచ్చలు పడవచ్చు. వంటసోడా అంతకంత కారం. సున్నిపిండి ఒంటికి మంచిదే గాని, ముతకగా ఉన్నది ముఖానికి రోజూ వద్దు. "కాలుష్యాన్ని తరిమికొట్టే" దని రాసి ఉన్న ఖరీదైన సీసాలకు డబ్బు పొయ్యనక్కరలేదు. పైన చెప్పిన మూడు వస్తువులలో మామూలు ధర రకాలు చాలు.

తిండి విషయం అడుగుతారు. జామపండు, ఉసిరికాయ, ఆకుకూరలు ఒంటికి మేలు. అవి తిన్నంత మాత్రాన మచ్చ మాయమవుతుందని మాత్రం నేను చెప్పను.

వీధిని నిందించే ముందు ఒకసారి వంటిల్లు కూడా చూడండి. కట్టెల పొయ్యి దగ్గర కూర్చునే స్త్రీ పీల్చే పొగ ఎన్నో వీధుల పొగను మించుతుంది. చైనాలో బొగ్గు, కట్టెలతో వండే స్త్రీల ముఖాన ముడతలు లోతుగా ఉన్నట్లు 2015లో వచ్చిన పరిశీలన ఒకటి చెబుతున్నది. 1999లో మన రాష్ట్రంలో దీపం పథకం కింద పేద స్త్రీలకు గ్యాసు ఇవ్వడం మొదలైన నాటినుంచి చాలా ఇళ్ళు మారాయి గాని, సిలిండరు ఖరీదుకు వెరచి, స్నానాలకు నీళ్ళు ఇంకా కట్టెల మీదే కాచే ఇళ్ళున్నాయి. ఆ పొయ్యి పెరట్లోకి మార్చండి. తిరగమోత వేసేటప్పుడు కిటికీ తెరవండి. మూసిన గదిలో దోమల చుట్ట, అగరువత్తుల గుత్తి వెలిగించకండి. వరండాలో సిగరెట్టు కాల్చే మగవారికి ఈ పేరా చదివి వినిపించండి.

రెండు మూడు నెలలు ఇలా చేసినా మచ్చలు తగ్గకపోతే, దురద, పొలుసులు ఉంటే డాక్టరుకు చూపించాలి. బుగ్గల మీద వచ్చేది మంగు కావచ్చు. దానికి వేరే చికిత్స ఉంది. చిన్నపిల్లలకు ఎగ్జిమా ఉంటే పొగ రోజుల్లో ఎక్కువవుతుంది, ఆలస్యం చెయ్యకండి.

ఇక ఉద్యోగం మాట. చామనచాయ జబ్బు కాదు, దానికి మందు లేదు, అక్కరలేదు. ఎండకు కమిలిన ముఖం జాగ్రత్తతో క్రమంగా తేరుకుంటుంది. వదులుకున్న ఉద్యోగం మళ్ళీ దొరకడం అంత తేలిక కాదు. పైగా ఇంట్లో కూర్చున్నంత మాత్రాన గాలి మారదు గదా. అదే గాలి ఊపిరితిత్తులలోకీ పోతున్నది. దానికి క్రీము లేదు. వీధి మొగన ఆకులు, చెత్త తగలబెడుతుంటే పదిమంది ఆడవాళ్ళు కలిసి మునిసిపాలిటీకి అర్జీ ఇవ్వండి. సంబంధం చూడ వచ్చినవారు అమ్మాయి రంగు అడిగితే, ముందు జీతమూ, చదువూ చెప్పండి. అవి విన్న తరువాత కూడా రంగే అడిగేవారికి కాఫీ ఇచ్చి పంపెయ్యండి.

జుట్టు రాలుతున్నదని వ్రాసిన ముగ్గురు సోదరీమణులకు వచ్చే వారం.